పడిపోయిన చెయ్యి

తెల్లారగానే ఆ ఇంట్లోంచి కేక వినబడుతుంది. వీధిలో అందరికీ అలవాటైపోయింది. పాలవాడు ఆ కేక వినే సైకిలు స్టాండు వేస్తాడు. ఎదురింటాయన లేచి కిటికీ మూసుకుని మళ్ళీ పడుకుంటాడు.

కేక అత్తది. పెట్టించేది కోడలు.

పక్షవాతం వచ్చి అత్తకి ఎడమ వైపు పడిపోయింది. నోరు మాత్రం పడిపోలేదు. పైగా రెండు చేతులూ రెండు కాళ్ళూ చెయ్యాల్సిన పని కూడా అదే చేస్తోంది.

కోడలు మంచం పక్కన నిలబడింది. దుప్పటి లాగి కాళ్ళ దగ్గర మడిచి పెట్టింది. అత్త రెండు చేతులూ మణికట్ల దగ్గర పట్టుకుంది. కాలు మంచం కోడుకి తన్నిపెట్టి ఒక్క గుంజు గుంజింది. అత్త లేచి కూచుంది. కేక కూడా లేచింది.

"చంపేస్తోందిరోయ్! చెయ్యి ఊడబెరుకుతోందిరోయ్!"

"ఊడలేదు అత్తయ్యా. ఇదిగో, ఇక్కడే ఉంది."

"నీ చెయ్యి ఊడిపోను. నీ చెయ్యి విరిగి పొయ్యిలో పడ!"

"పడనివ్వండి. ముందు పుక్కిలించండి."

గిన్నె గడ్డం కింద పెట్టింది. అత్త నీళ్ళు పుక్కిలించి సగం గిన్నెలోకి, సగం కోడలి చీర మీదికి ఊసింది. కోడలు చీర వంక చూసుకోలేదు. చూసుకుంటే అత్తకి సంతోషం.

బయట గుమ్మంలో మొగుడు టీ తాగుతున్నాడు. లారీల షెడ్డులో మెకానిక్కు అతను. "పొద్దున్నే మొదలా?" అన్నాడు లోపలికి తల తిప్పకుండా. ఆ మాట తల్లినన్నాడో పెళ్ళాన్నన్నాడో ఎవరికీ తెలీదు. ఎవరికి వాళ్ళు తమని కాదనుకుంటారని అతని ఎత్తు.

ఇంతలో ఆడపడుచు వచ్చింది. మెకానిక్కుకి అక్క. వీధి చివరే ఇల్లు. రోజూ వస్తుంది, చూడ్డానికి. చెయ్యడానికి మాత్రం వంగదు. వస్తూనే దుప్పటి ఒక మూల రెండు వేళ్ళతో ఎత్తి వాసన చూసింది.

"పక్క మార్చలేదా?"

"ఇప్పుడే మార్చాను వదినా."

"ఇప్పుడే మారిస్తే ఇలా ఉంటుందా?" అని మంచానికి దూరంగా స్టూలు లాక్కుని కూచుంది. "ఇంతకీ ఏదనుకున్నారు తమ్ముడూ? నర్సింగేగా?"

ఆసుపత్రి వాళ్ళు ఆడవాళ్ళ కోసం రెండు ట్రైనింగులు పెట్టారు. ఒకటి మెడికల్ అసిస్టెంటు. ఓపీలో బల్ల, కుర్చీ. బీపీ చూడ్డం, బరువు చూడ్డం, నంబర్లు పిలవడం. సాయంత్రానికి ఇల్లు. రెండోది ప్రాక్టికల్ నర్సింగు. వార్డులో పని. కడగడం, తిప్పడం, ఎత్తడం. కోడలికి సీటు వచ్చింది. రెండింట్లో ఏది కావాలో తనే చెప్పాలి. చెప్పే ముందు రెండు చోట్లా నిలబడి పని చూడమన్నారు. వారం చివర ఆఫీసులో చెప్పాలి.

కోడలు ఎప్పుడో ఎంచుకుంది. ఇంట్లోవాళ్ళూ ఎంచుకున్నారు. రెండూ ఒకటి కాదు.

"నర్సింగు నాకొద్దు" అంది కోడలు గిన్నె కడుగుతూ. "ఇంట్లో అదే పని, అక్కడా అదే పనా? నాకు కుర్చీ కావాలి."

"కుర్చీ కావాలట!" ఆడపడుచు నవ్వింది. "ఇంట్లో కుర్చీల్లేవా? కూచో. ఎవరొద్దన్నారు?"

"కూచుంటే మీ అమ్మగారికి దాహం వేస్తుంది."

"చూశావురా దీని నోరు? నర్సింగే అని చెప్పించు. అమ్మకి చదువుకున్న చెయ్యి దొరుకుతుంది. బయట మనిషిని పెట్టుకోవాలంటే మాటలా?"

మొగుడు గ్లాసు కింద పెట్టాడు. "నువ్వు ఊళ్ళోవాళ్ళ బీపీలు చూస్తే మా అమ్మకి ఒరిగేదేంటి? నర్సింగే. ఇంక దాని మీద మాటల్లేవ్" అని చొక్కా దులుపుకుని షెడ్డుకి వెళ్ళిపోయాడు.

*

ఓపీ హాలు పొడుగ్గా ఉంటుంది. గోడ వెంబడి బెంచీలు. చివర డాక్టరు గది తలుపు. తలుపు పక్కన బల్ల, బల్ల వెనక కుర్చీ. ఆ కుర్చీలో ఉండే ఆయన పాత మెడికల్ అసిస్టెంటు. అందరూ తెల్లచొక్కా అంటారు. పొద్దున వేసుకున్న ఇస్త్రీ సాయంత్రానికి కూడా నలగదు. ఎవర్నీ ఆనుకోడు, ఎవర్నీ ఆనుకోనివ్వడు.

"చూడమ్మాయ్" అన్నాడు వెళ్ళగానే. "జనం నీకు కష్టాలు చెప్తారు. వినకు. విన్నావంటే లైను కదలదు. ఏం బాధ, ఎప్పట్నుంచి, అంతే. మిగతాది లోపలాయనకి."

"అడక్కుండానే చెప్తే?"

"తర్వాత నంబరు పిలువు. నోరు దానంతటదే మూతపడుతుంది."

కోడలికి పని తొందరగా పట్టుబడింది. మోచేతి మడతకి పైన పట్టీ చుట్టాలి. బిగుతుగా ఉండాలి, అయినా కింద వేలు దూరాలి. రబ్బరు బుడ్డి నొక్కి, గాలి మెల్లగా వదలాలి. ముల్లు దిగుతుంటే చెవిలో టక్ టక్ మంటుంది. మోత మొదలైన చోట పై అంకె, ఆగిన చోట కింది అంకె. తెల్లచొక్కా తను వేరేగా చూసి సరిపోల్చాడు.

"నీకు చెవి ఉంది" అన్నాడు. ఆయన ఎవర్నీ మెచ్చుకోగా విన్నవాళ్ళు లేరు.

మధ్యాహ్నం ఆయన భోజనానికి లేచినప్పుడు కోడలు ఆ కుర్చీలో కూచుంది. వీపుకి చెక్క తగిలింది. నేలకి కాళ్ళు ఆనాయి. ఎదురుగా హాలునిండా జనం. అందరూ ఆమె నోటి వంక చూస్తున్నారు, ఏ నంబరు పిలుస్తుందా అని. ఇంట్లో ఆమెని ఒసే అంటారు, ఏమ్మా అంటారు. ఇక్కడ మేడం అంటున్నారు. ఒకావిడ అయితే ముడుచుకుని, "మేడంగారూ, బాత్రూమెటు?" అని అడిగింది. కోడలు లేవకుండా చెయ్యి చూపించింది. లేవకుండా చూపించడం ఎంత బాగుందో ఇంట్లోవాళ్ళకి చెప్పినా తెలీదు.

మర్నాడు ఒక ముసలాయన వచ్చాడు. ఒక వైపు పడిపోయిన మనిషి. కొడుకు వెంట ఉన్నాడు. నంబరు పిలవగానే కొడుకు తండ్రి ముందు నిలబడి, రెండు చేతులూ పట్టుకుని బెంచీ మీంచి లాగాడు. ముసలాయన పెట్టిన కేకకి హాలంతా తిరిగి చూసింది.

కోడలు కుర్చీలోంచి సగం లేచింది. "అరవకండి తాతగారూ! లోపల డాక్టరుగారున్నారు. ఇదేమన్నా సంతా?"

ముసలాయన నోరు మూసుకున్నాడు. పెదవి ఒక వైపే మూతపడింది. కళ్ళలో నీళ్ళున్నాయి. వయసు మీద పడ్డవాళ్ళకి ఊరికే కారుతుంటాయి అనుకుంది కోడలు.

"మా నాన్నది ఎప్పుడూ ఇదే గోల మేడం" అన్నాడు కొడుకు, సిగ్గుపడుతూ.

"మా అత్తదీ ఇంతే" అంది కోడలు. ఇద్దరూ నవ్వుకున్నారు. తెల్లచొక్కా తల ఊపాడు. హాలు మళ్ళీ సద్దుమణిగింది.

సాయంత్రం వెళ్ళేటప్పుడు ఆయన అన్నాడు: "వార్డుకి పోతావుగా రేపు. చూసి రా. ముక్కు మూసుకుని ఇక్కడికే వస్తావు. నీ కుర్చీ ఎక్కడికీ పోదు."

*

వార్డులో ఎవరూ మేడం అనలేదు.

పెద్దనర్సు మోచేతుల దాకా చొక్కా చేతులు మడిచి తలుపు దగ్గరే నిలబడి ఉంది. పొడుగాటి మనిషి. పెద్ద పెద్ద ఎముకలు. ట్రైనింగు పిల్లలు చాటుగా కొరడా అంటారు. ఆవిడకీ తెలుసు. తెలిసి కూడా ఏమీ అనదంటే పేరు నచ్చిందనే అర్థం.

"ఆ గాజులేంటి? తియ్యి. ఉంగరం తియ్యి. గోళ్ళు కత్తిరించుకో. నీ సింగారం రోగులకి గీరుకుంటుంది. చేతులు కడుక్కో. అలా కాదు, అది గిన్నె కడగడం. వేళ్ళ సందులు. ఇంకోసారి."

పక్కన ఇంకొందరు అమ్మాయిలున్నారు. అందరూ కొంగులు ముక్కుకి అడ్డం పెట్టుకుని గోడకి అతుక్కుపోయారు. కోడలికి ఆ వాసన కొత్త కాదు. పొద్దున ఇంట్లో పీల్చి వచ్చిందే.

"ఆ చివర మంచం ముసలావిడకి పక్షవాతం. లేపి కూచోబెట్టాలి, మొహం కడగాలి. ఎవరు చేస్తారు?"

ఎవరూ కదల్లేదు. కోడలు ముందుకి వచ్చింది. ఇందులో నాకు ఎవరూ నేర్పేది లేదన్నట్టు నడిచింది. దుప్పటి లాగి కాళ్ళ దగ్గర మడిచి పెట్టింది. ముసలావిడ రెండు మణికట్లూ పట్టుకుంది. కాలు మంచం కోడుకి తన్నిపెట్టింది.

"తియ్యి చెయ్యి!"

చేతి మీద దెబ్బ పడింది. ఊరికే తట్టడం కాదు, దెబ్బే. కోడలి చేతులు వాటంతటవే వదిలేశాయి.

"ఎవరు నేర్పారు నీకిది?"

"ఎవరూ నేర్పలేదు సిస్టర్. ఇంట్లో ఇలాగే చేస్తాను."

"ఎవరికి?"

"మా అత్తకి. ఆవిడకీ పక్షవాతమే."

"ఎప్పట్నుంచి చేస్తున్నావ్?"

"పడిపోయినప్పట్నుంచీ."

పెద్దనర్సు కాసేపు ఆమె మొహం వంక చూసింది. తర్వాత కోడలి వేలు పట్టుకుని, ముసలావిడ పడిపోయిన భుజం మీద, ఎముక అంచున పెట్టి నొక్కింది. "ఏం తగులుతోంది?"

"గుంట."

"ఈ రెండో భుజానికి చూడు. ఉందా?"

"లేదు."

"కండ చచ్చుబడ్డాక ఎముకని దాని చోట పట్టుకుని ఉండేది ఏమీ లేదు. ఆ చెయ్యి పట్టుకుని మనిషి బరువంతా లాగితే ఎముక కిందికి జారుతుంది. లాగిన ప్రతిసారీ ఇంకొంచెం. ఈవిడ ఇంట్లో కూడా నీలాంటి మహాతల్లి ఎవరో ఉంది. మీ అత్త అరుస్తుందా?"

"రోజూ."

"అరిస్తే ఏమనుకున్నావ్?"

కోడలికి అబద్ధం తోచలేదు. "పొగరనుకున్నాను."

గోడ దగ్గర ఒక పిల్ల కిసుక్కుమంది. పెద్దనర్సు అటు చూడగానే ఆ నవ్వు గొంతులోనే ఆగిపోయింది.

"పొగరు కేక వేరు, నొప్పి కేక వేరు. నువ్వు వినలేదు, అంతే. ఇలా రా."

అలా జరిగిపోయిందిలే అని గాని, బాధపడకు అని గాని ఆవిడ అనలేదు. మంచం మీదికి వంగింది. ముసలావిడ పడిపోయిన చేతిని కింద నుంచి ఎత్తి, పసిపిల్లని పెట్టినట్టు పొట్ట మీద పెట్టింది. మోకాళ్ళు మడిచింది. భుజం వెనక ఒక అరచెయ్యి, తుంటి వెనక ఒక అరచెయ్యి వేసి మంచి వైపుకి దొర్లించింది. రెండు కాళ్ళూ మంచం అంచు నుంచి కిందికి జార్చింది. కాళ్ళు కిందికి దిగుతుంటే ఒళ్ళు పైకి లేచింది. ముసలావిడ తన మంచి మోచెయ్యి పరుపుకి ఆనించి తనూ ఒక తోపు తోసింది. అంతే. కూచుంది. ఎక్కడా గుంజింది లేదు. పెద్దనర్సు ఒక దిండు పడిపోయిన చెయ్యి కింద పెట్టింది.

"నువ్వు చెయ్యి."

కోడలు చేసింది.

"ఇంకోసారి. వేళ్ళతో పట్టుకోకు, అరచెయ్యి వెయ్యి."

చేసింది.

"ఇంకోసారి. ఎందుకంత తొందర? రైలుందా?"

చేతులు నొప్పి పుట్టేదాకా చేయించింది. ముసలావిడకి మాట కూడా పడిపోయింది. చివరికి విసిగిపోయి, మంచి చేత్తో కోడలి కొప్పు పట్టుకుని ఒక్కటి లాగింది. పెద్దనర్సు ఆ కొప్పు విడిపించను కూడా విడిపించలేదు.

"ఆవిడ బాకీ తీర్చుకోనీ" అంది.

మధ్యాహ్నం భోజనం దగ్గర కోడలికి ఓపీలో ముసలాయన గుర్తొచ్చాడు. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకున్న మనిషిని ఇదేమన్నా సంతా అని అడిగింది తను. అడిగి నవ్వింది.

*

ఆ సాయంత్రం అత్తకి రవిక మారుస్తూ భుజం మీద వేలు పెట్టింది. గుంట ఉంది. వార్డులో ముసలావిడదానికంటే లోతు.

"ఏంటే గుచ్చుతున్నావ్?"

"ఏం లేదు అత్తయ్యా."

"ఏమీ లేనిదే గుచ్చుతావా? నీ గోళ్ళు పాడుగాను." గోళ్ళు కత్తిరించి ఉన్నాయి. అత్త చూసుకోలేదు.

తెల్లారింది. కోడలు మంచం దగ్గరికి వచ్చింది. అత్త కోడలి అడుగుల చప్పుడుకే పళ్ళు బిగించి, కళ్ళు మూసుకుని, నోరు తెరిచి పెట్టుకుంది. కోడలు పడిపోయిన చెయ్యి ఎత్తి పొట్ట మీద పెట్టింది. మోకాళ్ళు మడిచింది. దొర్లించింది. కాళ్ళు జార్చింది. అత్త గొంతులోంచి కేక సగం వచ్చి, రావాలో అక్కర్లేదో తెలీక అక్కడే నిలబడింది. కళ్ళు తెరిచేసరికి కూచుని ఉంది.

ఎదురింటాయన కిటికీ రెక్క పట్టుకుని ఇంకా నిలబడే ఉన్నాడు.

అత్త తన చెయ్యి వంక చూసుకుంది. కోడలి వంక చూసింది. "ఎక్కడ నేర్చావు?"

"ఆసుపత్రిలో."

"ఎప్పుడు?"

"నిన్న."

 పుక్కిలించే గిన్నె గడ్డం కింద అలాగే ఉంది.

"అంటే ఇన్నాళ్ళూ నొప్పి లేకుండా లేపొచ్చన్నమాట."

"నాకు తెలీదు అత్తయ్యా."

"తెలీదూ? రోజూ చెప్పాను కదే. చెయ్యి, చెయ్యి అని అరిచి మరీ చెప్పాను. వీధి వీధంతా విన్నారు. నీకొక్కదానికే వినబడలేదా?"

కోడలు గిన్నె పట్టుకుని నిలబడింది. 

ఆడపడుచు రావడమే ఆలస్యం. "ఇలా రావే, నా భుజం చూడు! దీన్ని ఇదే విరిచింది. నిన్న ఎవరో చెప్తే ఇవాళ మానేసింది. అడుగు, కాదనమను!"

ఆడపడుచు ఆ భుజం వంక దూరం నుంచే చూసి, గుండె మీద చెయ్యి వేసుకుని తమ్ముణ్ణి కేకేసింది. మొగుడు లోపలికి వచ్చాడు.

"నువ్వు మా అమ్మ చెయ్యి విరిచావా?"

"జారింది. లాగబట్టే జారింది. లాగింది నేనే" అంది కోడలు. "మీరు రోజూ గుమ్మంలో టీ తాగుతూ విన్నారు. ఒక్కరోజు లోపలికొచ్చి చూశారా, ఎందుకరుస్తోందో?"

"ఎదురు మాట్లాడకు!"

"ఎదురేముంది? ఉన్నది చెప్పాను."

ఆడపడుచు గుండె మీంచి చెయ్యి తీసేసింది. ఆవిడకి అప్పటికే ఇంకోటి తట్టింది. "పోనీలేరా. ఒక్కరోజుకే ఇంత నేర్చుకుంటే పూర్తి ట్రైనింగు చేస్తే ఇంకెంత! అమ్మ లేచి తిరుగుతుందేమో. నేను చెప్పలా నర్సింగే అని? ఇదిగో, ఇప్పటికైనా బుద్ధిగా చేరమను. చేసిన పాపం కూడా తీరుతుంది."

*

రెండోరోజు వార్డులో పని అయిపోయాక పెద్దనర్సు అమ్మాయిలందరినీ వరండాలో నిలబెట్టింది.

"రేపు ఆఫీసులో చెప్పాలి. వార్డుకి వద్దామనుకునేవాళ్ళు ఒకటి వినండి. రేపే సంచితో రావాలి, ట్రైనింగు అయ్యేదాకా హాస్టల్లో ఉండాలి. డ్యూటీ పగలొస్తుంది, రాత్రొస్తుంది. ఇంటికి వారానికి ఒక్కసారి. ఈ సంగతి ముందు ఇంట్లో చెప్పి రండి. తర్వాత మొగుళ్ళూ అత్తమామలూ వచ్చి గేటు దగ్గర వీరంగం వేస్తే నేను ఒప్పుకోను." ఒక్కొక్కరి మొహం చూసుకుంటూ వచ్చి కోడలి దగ్గర ఆగింది. "నువ్వు ఓపీకి పోతావుగా. తెల్లచొక్కా చెప్పాడు, నీకు బీపీ బాగా వచ్చని."

"అవును సిస్టర్. బాగా వచ్చు."

"పో మరి. అక్కడ ఎవరి భుజాలూ జారవు."

కోడలు నడుచుకుంటూ ఇంటికి బయల్దేరింది. హాస్టలు సంగతి ఇంట్లో ఎవరికీ తెలీదు. ఏమీ చెప్పక్కర్లేదు. తలొంచుకుని సరే, మీరన్నట్టు నర్సింగే అంటే చాలు. వాళ్ళే సంతోషంగా పంపిస్తారు. సంచి సర్దుకుని పోవడమే. అప్పుడు ఆడపడుచు మొహం ఎలా ఉంటుంది! స్టూలు మీంచి లేవడం వస్తుందా ఆవిడకి? ఆ ఆలోచన బెల్లం ముక్క నోట్లో పెట్టుకున్నంత తియ్యగా ఉంది. సగం దారి దాకా చప్పరించుకుంటూ నడిచింది.

తర్వాత మొగుడి చేతులు గుర్తొచ్చాయి. మొద్దు చేతులు. బిగుసుకుపోయిన నట్టునైనా ఒక్క గుంజుతో ఊడదీసే చేతులు. తను లేని పొద్దున అత్తని లేపేది ఆ చేతులే. రెండు మణికట్లూ పట్టుకుంటాడు. ఇంకోలా లేపొచ్చని అతనికి ఎలా తెలుస్తుంది?

తియ్యదనం పోయింది.

*

రాత్రి కాకముందే, అందరూ ఉండగానే చెప్పింది.

"హాస్టలా?" అన్నాడు మొగుడు. "అక్కడే ఉంటావా? మరి అమ్మనెవరు చూస్తారు?"

"మీరు."

"నేనా?" అతను అక్క వంక చూశాడు. అక్క గోడ వంక చూసింది.

"వదిన కూడా దగ్గర్లోనే ఉన్నారు" అంది కోడలు.

"నాకు ఇల్లుందమ్మా. సంసారం ఉంది. ఎలా కుదురుతుంది?" అని ఆడపడుచు స్టూలు మీద సర్దుకుంది. "ఒరేయ్, అయితే ఆ రెండోదే మేలు కదరా. హాయిగా కుర్చీ. సాయంత్రానికి ఇంటికొచ్చి పడుతుంది. పొద్దున అమ్మని లేపి వెళ్తుంది. నేను మొదట్నుంచీ అదే అంటున్నాను."

"మొదట్నుంచీ నర్సింగన్నారు వదినా."

"అప్పుడు తెలీదు కనక అన్నాను."

"నాకూ తెలీకే లాగాను. నన్ను తిట్టారు."

ఆడపడుచుకి ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. మొగుడు గొంతు తగ్గించాడు. తగ్గిస్తే బుజ్జగించినట్టని అతని లెక్క. "నువ్వు కుర్చీ కావాలన్నావుగా. తీసుకో. నీ మాటే నెగ్గింది, సరేనా? రేపు వెళ్ళి మెడికల్ అసిస్టెంటని చెప్పు. నేను వద్దనను."

కావాలని అడిగిన కుర్చీని అందరూ కలిసి ఎత్తి తెచ్చి ముందు పెట్టినట్టయింది. కోడలికి ఆ కుర్చీ వీపుకి ఎలా తగిలిందో, నేలకి కాళ్ళు ఎలా ఆనాయో ఇంకా గుర్తుంది. అబద్ధం ఎందుకు, ఇప్పటికీ కావాలనే ఉంది.

"వద్దు" అంది.

"వద్దా? నీకేమన్నా పిచ్చా?"

"నర్సింగనే చెప్తాను."

"ఎందుకే? మమ్మల్ని ఏడిపించడానికా?"

"ఆ కుర్చీలో కూచుని ఒక ముసలాయన్ని అరవద్దన్నాను. అందరూ మెచ్చుకున్నారు. అక్కడే ఉంటే రోజూ అదే అంటాను, రోజూ మెచ్చుకుంటారు. నాకు తెలీక మీ అమ్మ భుజం జారింది. ఇంకా ఏమేం తెలీదో అది కూడా తెలీదు నాకు. వార్డులో తప్పు చేస్తే చేతి మీద కొట్టి చెప్తారు. నాకు అది కావాలి."

"కొట్టించుకోవడానికి పోతుందటరా!" అంది ఆడపడుచు.

మొగుడు లేచి నిలబడ్డాడు. "గడప దాటావంటే..."

"దాటితే?"

అతను ఆ మాట ఇతరులు అనగా సగం దాకే విన్నాడు. మిగతా సగం అతనికీ తెలీదు. నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు.

లోపల్నుంచి అత్త అరిచింది. "నీళ్ళు! చస్తున్నాను, నీళ్ళు!"

కోడలి కాలు దానంతటదే కదిలింది. ఆపుకుంది. ఆడపడుచు చీర మడతలు సర్దుకుంటోంది. ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. మళ్ళీ కేక. చివరికి నిలబడి ఉన్న మనిషి మొగుడే కనక, మొగుడే వెళ్ళాడు. గ్లాసు ఎక్కడుంటుందో తెలీక వంటింట్లో గిన్నెలన్నీ కదిలించాడు.

*

పొద్దున కోడలు మొగుణ్ణి మంచం దగ్గరికి పిలిచింది.

"లేపండి."

"నువ్వుండగా నేనెందుకు?"

"నేనుండను కనక."

అతను పళ్ళు నూరుకుంటూ వచ్చాడు. కోపంలో చెప్పేది వినలేదు. తల్లి రెండు మణికట్లూ పట్టుకున్నాడు. కోడలు, "అలా కాదు!" అనేలోపే గుంజాడు.

ఎదురింటి కిటికీ ధడేల్మంది.

మొగుడు చేతులు వదిలేసి వెనక్కి తగ్గాడు. ఆ కేకని రోజూ గుమ్మంలోంచి విన్నాడు. ఆ కేక పెట్టేటప్పుడు తల్లి మొహం ఎలా ఉంటుందో ఇదే చూడ్డం. 

"నువ్వూ అదేనట్రా" అంది అత్త, ఊపిరి తీసుకుంటూ. "నా కడుపున పుట్టి నువ్వూ అదేనా."

కోడలు చేతులు రెండూ వెనక్కి కట్టుకుంది. ముందుంటే సాయానికి పోతాయి. "లారీ పైకి లేపాలంటే ఏం చేస్తారు మీరు?"

"ఇప్పుడు లారీ ఏంటే?"

"చెప్పండి. తలుపు పిడి పట్టుకుని లాగుతారా?"

"తలుపూడొస్తుంది. జాకీ పెడతాం. కింద, గట్టి చోటు చూసి."

"ఈ చెయ్యి తలుపు. భుజం వెనక గట్టి చోటుంది, తుంటి వెనక ఇంకోటుంది. అక్కడ అరచేతులు వెయ్యండి. ముందు ఆ చెయ్యి ఎత్తి పొట్ట మీద పెట్టండి. మోకాళ్ళు మడవండి."

అతను షెడ్డులో బండి కిందికి దూరేటప్పుడు పెట్టే మొహం పెట్టాడు. వంగాడు. వెనక చోటు వెతుక్కుని అరచెయ్యి వేశాడు, కదిపి చూశాడు, మళ్ళీ వేశాడు. దొర్లించాడు. కాళ్ళు జార్చాడు. అత్త మంచి మోచేత్తో తోసింది. లేచి కూచుంది. మొగుడి నుదుటి మీంచి చెమట తల్లి ఒళ్ళో పడింది.

"అయిందా?" అన్నాడు.

"లేపడం అయింది. మొహం కడగాలి, పక్క మార్చాలి, ఒళ్ళు తుడవాలి. మధ్యాహ్నం వచ్చి అటూ ఇటూ తిప్పాలి."

"షెడ్డెవరు చూస్తారు?"

 అన్నాళ్ళూ ఆమె పని ఎవరు చూస్తారని ఎవరూ అడగలేదు.

గుమ్మంలో ఆడపడుచు నిలబడి ఉంది. "ఏంటిది? మగాడిచేత..."

"నోర్ముయ్యవే" అంది అత్త. "ఇలా వచ్చి నువ్వూ నేర్చుకో. ఆ స్టూలు అరిగిపోయింది."

కోడలు సంచి తీసుకుంది. అత్త మంచం ముందు నుంచే వెళ్ళాలి. అత్త ఆమె మొహం వంక చూడలేదు. కోడలూ ఆగలేదు. ఆగితే ఇద్దరికీ ఏదో ఒకటి అనాల్సి వచ్చేది. గుమ్మంలో వంగి చెప్పులు తొడుక్కుంటోంది.

లోపల్నుంచి మొగుడి గొంతు: "ఏమే, ఈ దిండెక్కడ పెట్టాలి?"

కోడలు చెప్పడానికి నోరు తెరిచింది. ఆమెకంటే ముందు అత్త అందుకుంది.

"దాన్నెందుకురా అడుగుతావు? అది పోతోంది, కనబట్టంలా? పడిపోయిన చెయ్యి కింద పెట్టు. అంత కింద కాదు. మోచెయ్యి గాల్లో వేలాడితే బరువంతా భుజం మీద పడుతుంది. ఇంకొంచెం పైకి. మెల్లగా, వెధవా, మెల్లగా!"

ఆ ముక్క ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

కోడలు మెట్లు దిగింది. వీధి మలుపు దాకా తిట్లు వినబడుతూనే ఉన్నాయి. అన్నీ కొడుక్కే.